అవ్వ ఎక్కితే మిస్సింగ్

కోరుట్లలో కార్లు బాగుచేసేవాళ్లకు కొదవలేదు గానీ, తిడుతూ బాగుచేసేది సామేలు ఒక్కడే. ఆ తిట్లలో కారు వంతు పావలా, యజమాని వంతు ముప్పావలా.

తాతల నాటి నుంచీ గుంటెడు భూమి లేని ఇల్లు ఆయనది. పదమూడో ఏట జగిత్యాలలో లారీ షెడ్డు ఊడ్చే పనికి కుదిరి, బండ్ల కింద దూరి పని నేర్చుకున్నాడు. యాభై ఆరేళ్లు వచ్చేసరికి మెట్‌పల్లి రోడ్డులో ఓ రేకుల షెడ్డు, ఓ స్కానర్, రెండు మోకాళ్ల నొప్పులు సంపాదించాడు. స్కానర్ మీద ఆయనకు పెద్ద గురి లేదు. "బండి చెప్పిందే అది చెప్తది. బండి నోరు మూసుకుంటే అదీ మూసుకుంటది" అంటాడు. అందుకే ముందు మనుషుల్ని పట్టుకుంటాడు. బండిలో ఎవరున్నారు, ఎక్కడ కూర్చున్నారు, ఏం మోశారు, అన్నీ పోలీసులా కూపీ లాగుతాడు.

ఆ రోజు దొరికినవాడు ఇబ్రహీంపట్నం రమేశ్. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను విమానాశ్రయంలో దింపడం అతని బతుకుతెరువు. మూడు నెలలుగా అతని కారు ఉండుండి మిస్ కొడుతోంది. చక్కగా పోతూ పోతూనే దబదబా కుదిపి, ఆగినంత పని చేసి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఒకడు కాయిల్ మార్చాడు, మూడోవాడు చేతులెత్తేసి పూజ చేయించమన్నాడు. ఆ పుణ్యమా అని బంపర్‌కు ఏడు నిమ్మకాయలు వేలాడుతున్నాయి.

సామేలు స్కానర్ తగిలించాడు. ఒక్క తప్పూ చూపలేదు.

"ఎప్పుడు కొడ్తది?"

రమేశ్ నసిగాడు. "మా అవ్వ ఎక్కినప్పుడే అన్నా. ఐదు సార్లు చూసినం. ఆమె ఉంటే కొడ్తది, లేకుంటే సాఫ్. నాయిన పోయినంక ఆమెకేదో పట్టుకున్నదని నా పెండ్లాం గీత అంటది. ఎల్లుండి సిరిసిల్లల మా చెల్లె ప్రణీత కొత్తింట్ల పాలు పొంగిస్తున్నది. అవ్వను బస్సుల రమ్మన్నం."

కన్నబిడ్డ ఇంటికి తల్లి బస్సులో, నిమ్మకాయలు కారులో! సామేలు తండ్రి ముప్పై ఏళ్లు ఆసామి బండికి ఎడ్లు కట్టి, ఆ బండి వెనకే నడిచాడు. ఆసామి ఒక్కనాడూ ఎక్కి కూర్చోనివ్వలేదు. అది గుర్తొచ్చి సామేలు స్కానర్ పీకి పక్కన పడేశాడు.

"రేపు ఆమెను తోల్కరా. ఎన్నడు కూసునే కాడనే కూసోవాలె" అన్నాడు.

మర్నాడు కొమురవ్వ వచ్చింది. వస్తూనే సామేలును నిలదీసింది.

"తమ్మీ, మా ఆయన లస్మయ్య నలభై ఏండ్లు కల్లుకు తాళ్లెక్కిండు. దినాం నేనే ఎదురొచ్చి మోకు అందిచ్చిన. ఒక్కనాడు జారలే, జరమొచ్చి పోయిండు. గీ కారుకే తగిల్నానా నేను?"

"గదే చూద్దాం అక్కా, ఎక్కు."

ఆమె వెనక సీట్లో, పరాయివాడి ముందు బెరుకుగా, కాళ్లు కిందికి పెట్టి కూర్చుంది. రమేశ్ తోలాడు, పక్కన సామేలు. ఐదు కిలోమీటర్లు పోయినా కారు కిక్కురుమనలేదు. ఇంతలో కొమురవ్వకు మోకాళ్లు లాగాయి. కాళ్లు పైకి తీసుకుని, బాసింపట్టు వేసుకుని వెనక్కి ఒరిగింది.

కారు దబదబా కుదిపింది.

"చూసినవా అన్నా!" అన్నాడు రమేశ్, ఏదో గెలిచినట్టు. కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపు. దిగు. ఎనకకు పోయి మీ అవ్వ లెక్కనే కాళ్లు మలుసుకొని కూసో" అన్నాడు సామేలు. కొమురవ్వను ముందుకు పిలిచి, తాను స్టీరింగ్ పట్టాడు. ఫర్లాంగు పోయారో లేదో, రమేశ్ కింద కారు మళ్లీ కుదిపింది.

"అవ్వ ముందట్నే ఉన్నది తమ్మీ. గిప్పుడు పట్టింది ఎవ్వని పీడ?" అన్నాడు సామేలు.

రమేశ్ గబుక్కున కాళ్లు కిందికి దించాడు.

పక్కకు ఆపి, ఇద్దర్నీ దింపి, సామేలు వెనక సీటు ఎత్తాడు. దాని కిందే పెట్రోలు పంపు. దానికి కరెంటు ఇచ్చే వైరు క్లిప్పు విరిగి ఊగుతోంది. కాళ్లు కింద పెట్టినవాళ్ల బరువు దాని మీద పడదు. బాసింపట్టు వేసుకుని ఒరిగితే సీటు వైరును నొక్కుతుంది, కరెంటు తెగుతుంది, ఇంజనుకు పెట్రోలు అందదు. రెప్పపాటులో మళ్లీ కలుస్తుంది గనుక స్కానర్‌కు చిక్కలేదు.

"గీ సీటు ఎవడు ఎత్తిండు?"

"కొత్త కవర్లు ఏద్దామని... నేనే."

"ఎప్పుడు?"

"మూడు నెలలాయె."

సామేలు దగ్గర తిట్లు సిద్ధంగానే ఉన్నాయి. కానీ కొమురవ్వ కళ్లు తుడుచుకుంటోంది, ఆమె ముందు నోరు రాలేదు. కొత్త క్లిప్పు వేసి, "ఇంటికి ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టు" అన్నాడు.

"గీతా, వైరు లూజట. అవ్వతోని ఏం లేదు. తప్పు నాదే."

అటు నుంచి గీత అడిగింది: "మరి నిమ్మకాయలు?"

"షర్బత్ పెట్టుమను" అన్నాడు సామేలు.

రమేశ్ తల వంచుకుని ముందు తలుపు తీశాడు. "అవ్వా, ముందట కూసో. రేపు అందరం కార్లనే పోదాం."

కొమురవ్వ ఆ తలుపు తనే మూసింది. వెనక్కి వెళ్లి, అదే చోట కూర్చుని, తీరిగ్గా బాసింపట్టు వేసుకుంది.

"సిరిసిల్ల దాక గిట్లనే కూసుంట కొడుకా. తొవ్వల బండి మల్ల కుదిపిందనుకో, నన్ను దించుడు కాదు. ముందుగాల నువ్వు దిగి నీ సీటు ఎత్తి చూస్కో."