ఒక్క ‘నువ్వు’, తర్వాతంతా ‘మీరు’

‘అమ్మ వెళ్లిపోయింది. త్వరగా రా.’ ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మా ఇంటి ఓనర్ అంకుల్ నుంచి మెసేజ్ వచ్చింది. అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో వాళ్లింటి మేడమీద గదిలో అద్దెకుంటున్న నాకు వాళ్లమ్మగారు బామ్మ. ఆవిడ ఆస్థానంలో నాది ఉత్తరాలు చదివే శాఖ. జీతం పెసరట్టు.

వయసులో ఉండగా ఆవిడ సంగీత నాటకాల్లో పాడేవారు. పద్యనాటకమంటే ఏమిటో పొరుగు అమెరికన్లకు చెప్పలేక అంకుల్ ‘మా అమ్మ ఓపెరా సింగర్’ అనేసేవారు. ఆవిడ హుందాగా తలూపి, వాళ్లు వెళ్లాక, “ఏదో తిట్టులా ఉందిరా” అనేవారు.

ఆ నాటకాలకు బాణీలు కట్టినాయన తర్వాత సినిమాల్లో పెద్ద సంగీత దర్శకుడయ్యాడు. ఆయన రాసిన ఉత్తరాలు అంకుల్ పారేసిన ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో ఉండేవి. బామ్మకు చూపు మందగించాక చదవడం నా వంతైంది. అంకుల్ దృష్టిలో అవి సంగీత పాఠాలు. చదివితే నాకూ అలాగే అనిపించింది. శ్రుతి, తాళం, గొంతుకు మిరియాల కషాయం. ‘మీరు రెండో చరణంలో తొందరపడుతున్నారు.’ అవి ప్రేమలేఖలని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

ఒకరోజు బామ్మ మధ్యలో ఆపారు.

“మళ్లీ చదువు. అక్కడ ‘మీరు’ అని లేదు.”

చూశాను. ‘నువ్వు లేకపోతే నాకు తోచదు’ అని ఉంది.

“ఫ్లోలో చదివేసిన బామ్మా.”

“చూపు పోయింది నాకా, నీకా?”

“మీరైతేంది, నువ్వైతేంది? మా దిక్కు అమ్మను, తాతను, అందర్ని నువ్వనే అంటం.”

“అదృష్టవంతులు.”

వెక్కిరింపనుకున్నాను.

ఆ తర్వాతి ఉత్తరంలో మళ్లీ ‘మీరు’. ఇక చివరిదాకా అంతే.

“మధ్యల నువ్వేం రాసినవ్?” అని అడిగాను.

“‘మీరు లేకపోతే నాకూ తోచదు’ అన్నాను.”

“మంచిగనే ఉంది గదా.”

“మొగుణ్ణి మీరు అనే కదరా అంటాం. నేను మొగుణ్ణి అన్నట్టు రాశాను. ఆయన పరాయివాణ్ణి అన్నట్టు చదువుకున్నాడు. స్వరం తప్పితే మాత్రం ఆమడ దూరం నుంచి పట్టేసేవాడు.”

“మళ్ల రాయకపోయినవా?”

“ఆడపిల్లని, ఎన్నిసార్లు రాస్తాను?”

ఆ ఏడే బామ్మ ఇంట్లోవాళ్లు చూసిన సంబంధం చేసుకున్నారట.

మంచం పట్టాక నాకు చివరి ఉద్యోగం అప్పగించారు. “నేను కాదనలేదని ఇంట్లో ఒక్కళ్లకైనా తెలియాలి. నా మనవరాలికి చెప్పు. కొడుక్కి వద్దు. వాడికి తెలుగొచ్చు, బాధపడతాడు.”

మనవరాలు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. అంత్యక్రియలకు డబ్లిన్ నుంచి ఫ్లైట్‌లో వచ్చింది. ఫ్యునరల్ హోమ్ పార్కింగ్‌లో, కార్‌లో కూర్చుని ఆ ఉత్తరాలు చదివి వినిపించి, బామ్మ రాసిన జవాబూ చెప్పాను.

“రెండూ ‘యూ’ యే కదా? డిఫరెన్స్ ఏంటి?”

బీటెక్, మాస్టర్స్ రెండూ నన్ను అక్కడే వదిలేసి వెళ్లిపోయాయి. ఆలోచించి అడిగాను.

“అన్నం తిన్నరా అని మీ మమ్మీ డాడీని ఎట్ల అడుగుతది?”

“మీరు తిన్నారా, అంటుంది.”

“గుడిల పంతులుగారిని?”

“మీరు తిన్నారా...” అని ఆగిపోయింది.

“సో, నానమ్మ యెస్ చెప్పింది.”

“చెప్పింది.”

“ఆయనకి వినపడలేదు.”

“వినపడలేదు.”

“డాడీకి చెప్పాలా?”

“వద్దన్నది.”

లోపలికి వెళ్లేసరికి అంకుల్ మైక్ ముందు వాళ్లమ్మ గురించి ఇంగ్లీషులో చెప్పడం అయిపోయింది. అందరూ పువ్వులు పెడుతున్నారు. పుట్టినప్పటి నుంచీ ఆవిణ్ణి నువ్వు అని తప్ప పిలవని ఆ పిల్ల, పెట్టెలోకి వంగి, అమెరికన్ ‘ర’తో మెల్లగా “మీరు” అంది. కాస్త ఆగి, ఇంకోలా, వాళ్లమ్మ వాళ్ల నాన్నతో అనేట్టు, మళ్లీ అంది. వెనక లైన్‌లోని వాళ్లు పువ్వులు పట్టుకుని నిలబడిపోయారు.