కంచెకు వీపు పెట్టిన బండి

సన్నీ పెంగెల్లీ ముప్పై ఏళ్లుగా మా మూరబీ ఊరి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు కారులో శవపేటిక వేసుకుని వస్తున్నాడు. నేను చెబుతున్నాను కాబట్టి ఇది నమ్మాలి. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, అబద్ధాలు అల్లేంత చదువు నాకు లేదు.

సన్నీకి ఉన్నది ఒకటే గుణం. మంచి జరుగుతుందని ఎవరైనా అంటే అతనికి ఒళ్లు దురద పెడుతుంది. తెల్లవారింది అంటే, సాయంత్రం చీకటి పడుతుందిగా అంటాడు. ఒక పెళ్లిలో పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా" అన్నాడు. గోధుమ గోదాముల దగ్గర లారీలు తూచే ఉద్యోగం నలభై ఏళ్లు చేశాడు. దిగిపోయే రోజున అందరూ కలిసి గోడగడియారం ఇస్తే చెవి దగ్గర పెట్టుకుని విని, "ఆగిపోతుంది" అన్నాడు. వారం తిరక్కుండా ఆగిపోయింది. దానికి భయం వేసి ఆగిందని నా అభిప్రాయం.

అసలు పేరు హెడ్లీ. ఎర్రజుట్టువాణ్ణి నీలం అని పిలిచే జనం మేము. కాబట్టి ఆ మొహానికి సన్నీ అని, అంటే ఎండ కాసినవాడని పేరు పెట్టాం.

మా మైదానం చుట్టూ కార్లన్నీ ముక్కు కంచెకు ఆనించి నిలబెడతారు. చలికి లోపలే కూర్చుని ఆట చూడవచ్చు, మనవాళ్లు గోల్ కొడితే హారన్ మోగించవచ్చు. సన్నీ ఒక్కడే తన పాత పొడుగాటి కారును వెనక్కి తిప్పి నిలబెడతాడు. వెనక తలుపు కంచెకు, ముక్కు గేటుకు, గేటుదాకా దారిలో ఎవరినీ బండి పెట్టనివ్వడు. తను డ్రైవరు సీట్లో కూర్చుని, తల పైనున్న చిన్న అద్దంలో ఆట మొత్తం చూస్తాడు. వెనక సీట్లుండాల్సిన చోట ఏదో పొడుగాటిది, దానిమీద టార్పాలిన్ పట్టా. అదేమిటని అడిగితే చెప్పడు. శవపేటిక అని నేను ఊరంతా చెప్పాను. సన్నీ కాదనలేదు. అవునని కూడా అనలేదు.

"ఎందుకు సన్నీ ఇట్లా తిప్పి పెడతావు?" అని అడిగాను ఒకసారి.

"ఓడిపోగానే తొందరగా ఇంటికి పోవచ్చు."

తొందరగా పోయింది ఒక్కసారీ లేదు. ఆఖరి ఆటగాడు బూట్లు విప్పి ఇంటికి పోయేదాకా అక్కడే కూర్చుంటాడు. అప్పుడు నాకది తట్టలేదు. తట్టేంత చదువు లేదని ముందే చెప్పాను.

అద్దంలో చూడటం వల్ల ఇంకో చిక్కు ఉంది. సన్నీకి ప్రపంచంలో కుడి ఎడమలు తారుమారు. ఎడమకాలితో కొట్టేవాళ్లందరూ అతని లెక్కలో కుడికాలి ఆటగాళ్లే. దీనిమీద అతను పబ్బులో సగం ఊరితో తగాదా పడి, మిగతా సగంతో మాట్లాడటం మానేశాడు.

ఇక పోయిన సీజను. మూడేళ్లుగా వాన లేదు. మైదానం మాడిన రొట్టెలా పగుళ్లు తీసింది. పంతొమ్మిది మ్యాచ్‌లు వరసగా ఓడాం. బంతిని చేత్తో పట్టి పరుగెత్తే మా ఫుట్‌బాల్‌లో జట్టుకు పద్దెనిమిది మంది దిగాల్సిన చోట పదహారు మందీ, ఒక చర్చి ఫాదరూ దిగిన రోజులున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే క్లబ్బు మూసి తాళం వెయ్యడమే అని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. సన్నీ మాత్రం అంటాడు.

అలాంటప్పుడు దొరికాడు డార్సీ క్విల్టీ. పద్దెనిమిదేళ్ల మిడ్‌ఫీల్డర్. అంపైరు బంతిని నడిమధ్య నేలకేసి కొట్టగానే పొడుగువాళ్లు ఇద్దరు దానికోసం ఎగురుతారు. అది ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదు. డార్సీకి తెలుసు. పడేచోట ముందే నిలబడి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అందుకున్నట్టు అందుకుని పరుగెత్తేవాడు. నా కాలంలో నేను కూడా అంతే ఆడేవాణ్ణి. ఇంకాస్త బాగానే. నేను కొట్టిన బంతి ఒకటి ఇప్పటికీ కింద పడలేదు.

ఊరికి పిచ్చెక్కింది. బేకరీలో మాంసం కూరి కాల్చే ‘పై’కి డార్సీ పేరు పెట్టారు. పబ్బులో వాడి ఫొటో వేలాడదీశారు. వాడు వీధిలో నడిస్తే ముసలివాళ్లు కూడా వాడి కాళ్లవైపే చూసేవారు. మెల్‌బోర్న్‌లోని ఒక పెద్ద క్లబ్బు తరఫున ఒక మనిషి వాణ్ణి చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. వాడు పెద్ద ఆటగాడైతే మా క్లబ్బు బతుకుతుంది, మా ఊరి పేరు టీవీలో వస్తుంది, బహుశా వాన కూడా పడుతుంది.

డార్సీని పెంచిన నాయనమ్మ నోరీన్. మైదానంలో క్యాంటీన్ నడిపేది ఆవిడే. ఒక శనివారం టీ పోస్తుంటే సన్నీ వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"నీ మనవడి ఎత్తెంత?"

"ఆరడుగుల రెండంగుళాలు. ఎందుకు?"

"ఊరికే."

"శవపేటిక కొలత," అన్నాను పక్కనుంచి.

నోరీన్ చేతిలోని తడిగుడ్డ ముందు నాకు తగిలింది, తర్వాత సన్నీకి.

"పాడుమొహం. మెల్‌బోర్న్ నుంచి మనిషి వస్తుంటే మంచిమాట ఒక్కటి రాదా నీ నోట?"

"వస్తాడులే, దారిలో కంగారూ అడ్డం పడకపోతే."

"నీ నోట్లో మాంసం ‘పై’ ఒకటి కుక్కి మూసెయ్యాలి."

"సాస్ వేసి కుక్కు," అన్నాడు సన్నీ, టీ తీసుకుని వెళ్లిపోతూ.

వింత ఏమిటంటే, డార్సీకి సన్నీ అంటే ప్రాణం. ప్రతి మ్యాచ్‌కు ముందు బూట్ల లేసులు కట్టుకుంటూ ఆ కారు కిటికీ దగ్గరికి వచ్చేవాడు.

"ఈవారం ఎలా ఆడతానంటారు, మిస్టర్ పెంగెల్లీ?"

"ఘోరంగా."

"హమ్మయ్య," అని నవ్వి పరుగెత్తేవాడు.

నాకు అర్థం కాక ఒకసారి పట్టుకుని అడిగాను. "ఒరేయ్, ఆ ముసలాడు నిన్ను తిడుతుంటే నీకు నవ్వెలా వస్తోంది?"

"ఊరంతా నా వైపే చూస్తుంది, మెర్వ్. రాత్రి అన్నం దిగదు. నేను పాడుగా ఆడినా ఏమీ అనుకోని మనిషి ఆయనొక్కడే. ముందే అనేసుకున్నాడు కదా."

మెల్‌బోర్న్ మనిషి రానే వచ్చాడు. కంగారూ అడ్డం పడలేదు. చేతిలో నోటుబుక్కు, మెడలో మఫ్లరు, మొహంలో ఏ భావమూ లేదు. ఆరోజు మేము ఆడుతున్నది కీర్నన్ ఫ్లాట్ జట్టుతో. ఊళ్లో కార్లన్నీ మైదానంలోనే ఉన్నాయి. కంచె చుట్టూ మూడు వరసలు. నేను మామూలుగా సన్నీ కిటికీకి మోచెయ్యి ఆనించి నిలబడ్డాను.

మొదటి క్వార్టరులో డార్సీ ఆడిన ఆట గురించి నేను చెబితే ఎక్కువ చేశానంటారు. మెల్‌బోర్న్ మనిషి మూడుసార్లు పెన్సిల్ చెక్కుకున్నాడని మాత్రం చెబుతాను. హారన్లు మోగిపోతున్నాయి. సన్నీ హారన్ తప్ప.

"ఒక్కసారి కొట్టు సన్నీ. తుప్పు వదులుతుంది."

"ఇంకా ఆట అవలేదు."

రెండో క్వార్టరులో డార్సీ బంతి అందుకుని, ఇద్దరిని తప్పించుకుని, మూడోవాణ్ణి తప్పించడానికి మలుపు తిరిగాడు. ఒళ్లు తిరిగింది. కాలు నేల పగులులోనే ఉండిపోయింది. ఎవరూ తగల్లేదు వాడికి. వాడు అరవలేదు. గడ్డి లేని ఆ నేలమీద మోకాలు రెండు చేతులా పట్టుకుని పడుకున్నాడు. క్యాంటీన్‌లో నోరీన్ పోస్తున్న టీ కప్పు నిండి, పొర్లి, బల్లమీద పారుతూ ఉంది.

అంబులెన్స్ ఆ పొద్దున ఎక్కడో పొలంలో ట్రాక్టరు తిరగబడిన చోటికి వెళ్లింది. ఆసుపత్రి తొంభై కిలోమీటర్లు. జనం కార్లు తీయబోయారు. ముందు వరసవాడు కదలాలంటే వెనకవాడు కదలాలి, వాడు కదలాలంటే వాడి వెనకవాడు ఎక్కడున్నాడో వెతకాలి. అప్పుడు మోగింది ఆ హారన్. గొంతులో కప్ప అడ్డుపడ్డట్టు మోగింది. ఎవరో గోల్ కొట్టారనుకుని కీర్నన్ ఫ్లాట్ వాళ్లు తిరిగి చూశారు.

సన్నీ దిగి, కంచెకు ఆనుకున్న వెనక తలుపు పైకెత్తి, టార్పాలిన్ లాగేశాడు. లోపల పరుపు ఉంది. కొత్తది, చుట్టిన ప్లాస్టిక్ ఒక మూల ఇంకా చింపలేదు. ఆరడుగుల రెండంగుళాల పరుపు. పక్కన దిండు, దుప్పటి, మంచుపెట్టె, డబ్బాలో పిప్పరమెంట్లు. ముక్కులు పగిలినవాళ్లూ భుజాలు జారినవాళ్లూ ఇన్నేళ్లలో తమంతట తామే నడిచి అంబులెన్స్ ఎక్కారు కాబట్టి, ఆ పరుపుమీద గాని, దానికి ముందున్న పాతదానిమీద గాని అంతవరకూ ఒక్కడూ పడుకోలేదట. నలుగురు ఆటగాళ్లు డార్సీని మోసుకొచ్చి దానిమీద పడుకోబెట్టారు.

"ఏ మోకాలు?" అన్నాడు సన్నీ.

అని తనే, "కుడిది, నేను చూశాను," అని మంచు కట్టడం మొదలుపెట్టాడు. నోరీన్ ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక డార్సీ కాలు కదలకుండా పట్టుకున్నాను. గేటు వైపే ఉన్న ముక్కుతో బండి అలాగే బయటికి దూసుకుపోయింది. ఐదు మైళ్లు పోయాక డార్సీ మెల్లగా అన్నాడు.

"మెర్వ్, మంచు మంచిమోకాలికి కట్టారు."

"మరి చెప్పవేం?"

"అంత శ్రద్ధగా కడుతుంటే ఏమని చెప్పను?"

మార్చి కట్టాను. రోడ్డుకు రెండు పక్కలా మోకాలెత్తు కూడా పెరగని గోధుమ చేలు.

"మీకు ఇదంతా ముందే తెలుసా, మిస్టర్ పెంగెల్లీ?" అన్నాడు డార్సీ.

"తెలియదు. భయం."

"మరి బండి ఎందుకలా తిప్పి పెడతారు?"

సన్నీ రోడ్డుమీంచి చూపు తిప్పలేదు. "వెనకటికి ఒకడు కుందేటి బొరియలో కాలు పెట్టాడు. వాడూ మధ్యలో ఆడేవాడే. నా కారే వాడికి అందరికంటే దగ్గర. ముక్కు కంచెకుంది, వెనక రెండు వరసలు. తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. వాడు అంతసేపూ నేలమీద పడుకుని జోకులు చెబుతూనే ఉన్నాడు. ఏడవడం చేతకాని వెధవ."

నా మోకాలి కథ నేను చాలా రకాలుగా చెబుతుంటాను. ఆరుగురు ఒకేసారి మీద పడ్డారని కొందరితో, మేఘాల్లోకి ఎగిరి దిగడం మరిచిపోయానని కొందరితో. కుందేటి బొరియ అని ఎవరితోనూ చెప్పలేదు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. ఎండిపోయిన చేలలో చూడటానికి ఏముంటుందని అడగకండి.

డార్సీ మోకాలిలో లిగమెంట్ తెగింది. ఏడాది ఆట లేదు. మెల్‌బోర్న్ మనిషి వచ్చే సీజను మళ్లీ వస్తానని నోరీన్‌కు ఫోను చేసి చెప్పాడు. వస్తాడో రాడో. ఆ మ్యాచ్ ఓడిపోయాం. మిగతావి కూడా ఓడిపోయాం. బేకరీవాడు ఆ మాంసం ‘పై’ పేరు మార్చలేదు గాని, కొనేవాళ్లు తగ్గారు. క్లబ్బుకు ఇంకో ఏడాది గడువు ఇచ్చారు. వాన పడలేదు.

ఇప్పుడు శనివారాలు ఆ బండి వెనక తలుపు తెరిచే ఉంటుంది. డార్సీ పరుపుమీద కూర్చుని, చేతికర్రలు పక్కన పెట్టి, తిన్నగా ఆట చూస్తాడు. సన్నీ ముందు సీట్లో అద్దంలో చూస్తాడు. ఇద్దరూ రోజంతా కుడి ఎడమల గురించి వాదించుకుంటారు.

క్లబ్బు వార్షిక సంచికకు ఏదైనా రాయమంటే నేను ఇది రాశాను. అచ్చుకు ఇచ్చే ముందు ఆ కిటికీ దగ్గర నిలబడి సన్నీకి మొత్తం చదివి వినిపించాను. అద్దంలోంచి కళ్లు తిప్పకుండా విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు:

"ముప్పై కాదు, ఇరవై ఆరేళ్లు. శవపేటిక కాదు, పరుపు. పొడుగు ఆరడుగుల రెండంగుళాలు అని రాశావు, ఆరున్నర అడుగులు. కుర్రాడు ఇంకా పెరుగుతాడు."