ఎదురుకాళ్ళ గంగ

ఉద్యోగంలో చివరి మూడేళ్ళకు నన్ను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వాసుపత్రికి ఆడియాలజిస్టుగా వేశారు. చెవి పరీక్షలు చేసే మేము డాక్టర్లం కాము. ఈ తేడా రోగులకు తెలియదు. డాక్టర్లు మాత్రం మరిచిపోనివ్వరు. నా గదికి ‘నిశ్శబ్ద గది’ అని బోర్డు. గోడ అవతల జనరేటర్.

ఒకరోజు భావనపాడు నుంచి ఒక మత్స్యకార కుటుంబం వచ్చింది. తల్లి లక్ష్మి, ఆమె అత్త నూకాలమ్మ, ఏడాదిన్నర దాటినా నిలబడని పాప గంగ.

“పిలిస్తే తిరిగి సూడదమ్మా,” అంది లక్ష్మి మెల్లగా.

అత్త అడ్డుకుంది. “దానికేటి, బంగారం! ఎదురుకాళ్ళతో పుట్టినాది. నడుం పట్టేసినోల్లు దాని కాలితో తన్నించుకుని లేసెల్లిపోతన్నారు. పడవెక్కితే తల్లి కక్కుతాది, ఇది కునుకు తీస్తాది!”

తాను నిలబడలేని పిల్ల ఊరి నడుములు నిలబెడుతోందన్నమాట. నవ్వుకున్నాను.

పాపను నిద్రపుచ్చి, నుదుటిమీద, చెవుల వెనక తీగలు అంటించి, చెవిలోకి టిక్‌టిక్ శబ్దం పంపాను. వినికిడి నరం పలికితే తెరమీద అలలు లేస్తాయి. లేవలేదు. ప్రభుత్వ యంత్రం మీదున్న గౌరవం కొద్దీ తీగలు మార్చి మళ్ళీ చేశాను. గీత కదల్లేదు.

నా నవ్వు ఆగిపోయింది. వినికిడి భాగమూ, పడిపోకుండా నిలబెట్టే ఒంటి తూకం చెప్పే భాగమూ లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. రెండోది పనిచేయని పిల్లలు నిలబడటం ఆలస్యమవుతుంది, పడవలో తల తిరగదు. కడుపులో బిడ్డ తల కిందికి తిప్పుకోవడానికీ అదే తోడ్పడుతుందనీ, అది లేకే కొందరు ఎదురుకాళ్ళతో పుడతారనీ కొందరి ఊహ. తేలిన విషయం కాదు.

అదంతా రాసి ఇ.ఎన్.టి. సర్జన్‌గారికి పంపాను. కాళ్ళు చూసి చెవుల జాతకం చెబుతున్నారా అన్నారాయన. స్కానింగ్‌లో లోపలి చెవులు సరిగా ఏర్పడలేదనీ, వినికిడి నరం మాత్రం ఉందనీ తేలింది. తనకు మొదట్నుంచీ అనుమానమేనని సర్జన్‌గారు సెలవిచ్చారు.

విషయం అత్తాకోడళ్ళకు చెప్పాను. “మరి తగ్గిపోయిన నడుములేటమ్మా?” అంది నూకాలమ్మ.

లక్ష్మి ఒకటే అడిగింది. “నాను పిలిస్తే ఇంటాదా?”

నరం ఉంది కాబట్టి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో వినికిడి యంత్రం అమర్చవచ్చనీ, ఆలస్యమైతే మాట రావడం కష్టమనీ చెప్పాను. తప్పక వింటుందని మాట మాత్రం ఇవ్వలేదు.

విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. నెలల తరబడి శిక్షణ తర్వాత ఒకరోజు లక్ష్మి “గంగా” అంటే పాప తిరిగి చూసింది. లక్ష్మి నమ్మలేక మళ్ళీ పిలిచింది. మళ్ళీ చూసింది. నడక మూడేళ్ళకు వచ్చింది. ఒంటి తూకం కళ్ళతోనే చూసుకోవాలి కాబట్టి మసక వెలుతురులో గోడ పట్టుకునేది.

మా కేసు పత్రంలో పుట్టిన బరువుకు గడి ఉంది, ఏడ్చిందా లేదా అన్నదానికీ ఉంది. తల ముందొచ్చిందా, కాళ్ళు ముందొచ్చాయా రాసే గడి లేదు. ఇన్నేళ్ళ అనుభవజ్ఞురాలిని, ఆ లోటు నాకూ కనబడలేదు. ఆ తర్వాత అందర్నీ అడిగాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళలో చాలామందికి చెవులు బాగానే ఉన్నాయి. అయినా అడగాలి. తల్లి చెప్పే బాధతో పాటు నాయనమ్మ చెప్పుకునే గొప్పలు కూడా పత్రంలో రాసుకోవాలని ఆ కేసు నాకు నేర్పింది.