రాయని మూడు కిలోమీటర్లు

నా ఉద్యోగమంతా కాలువల నీటిమట్టాలు రాయించడంతోనే గడిచింది. గట్టు మీదికి వెళ్లి చూడకుండా ఇంట్లో కూర్చుని అంకె వేసిన కాలువ కాపలా లస్కర్లను ఎన్నిసార్లు మందలించానో! చూడనిది రాయకూడదన్న ఆ నియమాన్నే డైరీకీ పెట్టుకున్నాను. అందుకే ఆ మారథాన్ గురించి ఏం రాయాలో ఇప్పటికీ తేలడం లేదు.

అరవై ఆరో ఏట, గుడివాడ నుంచి నందివాడ వెళ్లే రోడ్డు మీద ఏడాది సాధన చేసి, వేసవిలో దివిసీమలో పెట్టిన నలభై రెండు కిలోమీటర్ల పరుగుకు వెళ్లాను. నాగాయలంకలో తెల్లవారకముందే బయల్దేరి, కోడూరు దిక్కుగా వెళ్లి, తిరిగి అక్కడికే చేరాలి. నడుముకు చిన్న నోటుపుస్తకం కట్టుకుని, ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గరా టైము వేసుకున్నాను. అందరికంటే ఆఖరున చేరినా మెడలో మెడల్ వేశారు. మా ఆవిడ దాన్ని క్యాలెండర్ పక్కన తగిలించింది.

రెండు రోజుల తర్వాత ఆ అంకెలు డైరీలోకి ఎక్కిస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఒకటో బోర్డు దగ్గర ఎనిమిదీ యాభై రెండు. ఆ కింద ముప్పై ఐదో బోర్డు, తొమ్మిదీ ఎనిమిది. మధ్యలో మూడు బోర్డులు లేవు. నాలుగు కిలోమీటర్లకు నాకు అరగంట దాటాలి. పదహారు నిమిషాలే పట్టింది. రాత మాత్రం నాదే.

ఎంత ఆలోచించినా గుర్తొచ్చినవి మూడే: తాటాకు పందిరి కింద చలివేంద్రం, స్టీలు గ్లాసులో మజ్జిగ, ముఖానికి కొట్టిన గాలి. ఆ రోజు ఆకు కదల్లేదు. మరి గాలి ఎక్కడిది?

"గెలిచింది మీరు కాదుగా, ఎందుకండీ ఈ విచారణ?" అంది మా ఆవిడ. అయినా మర్నాడే బస్సెక్కాను.

చలివేంద్రంలో కుండల దగ్గరున్న ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. "మావయ్యగారూ! బాగానే ఉన్నారా? ఆ రోజు మీ వాలకం చూసి భయపడిపోయాం!"

ఆమె భర్త చెప్పాడు: "ఎండలో తూలిపోతుంటే నేనే బండెక్కించానండీ."

"నేను పరుగు పందెంలో ఉన్నానయ్యా."

"పొద్దున్నే కుర్రాళ్లు వెళ్లడం చూశాం. మీరూ ఆ గుంపేనని ఎలా అనుకుంటామండీ?"

"మరి నా ఛాతీ మీద నంబరు?"

"ఉపాధి పనికి కొత్తగా ఇచ్చారేమో అనుకున్నాం!"

"నేను ఎక్కుతానన్నానా?"

"మీరే చెయ్యెత్తి ఆపారు," అన్నాడు.

"అబద్ధం!" అంది ఆమె. "వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నారు. మనమే పట్టుకుని బండి మీద కూర్చోబెట్టాం. చెయ్యెత్తింది దిగడానికి."

ఎక్కడ దింపారని అడిగితే వంతెన ఇవతల అన్నాడు ఆయన. కాదు, అవతలని తర్వాత నువ్వే చెప్పావంది ఆమె. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

బస్టాండుదాకా దింపుతానని ఆయన బండి తీశాడు. వద్దని చెప్పి, ఆ రోజు బండి మీద దాటిన దూరం నడిచేద్దామని ఎండలోనే బయల్దేరాను. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. వాటిని ఆ రోజు చూశానో లేదో చెప్పలేను. ముప్పై ఐదో బోర్డు కోసం వెతికాను. పందెం కాగానే బోర్డులన్నీ పీకేశారు. ఎక్కడ ఆగితే సరిపోతుందో తెలియక, వెనక నుంచి బస్సు వచ్చేదాకా నడుస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి మెడల్ తీసి బీరువాలో పెట్టాను. డైరీలో ఆ మూడు అంకెల చోటు ఖాళీగా ఉంచాను. కింద ఒక్క వాక్యం రాశాను: చేరాను, ఎలా చేరానో పూర్తిగా చూడలేదు.