అంగుళం మీద నాలుగు సూత్‌లు

గోదావరిఖనిలో నీళ్ల మోటార్లు బాగుచేసే ఖైజర్‌కు ప్రభుత్వాలతో, పార్టీలతో, ఆఖరికి మే నెల ఎండతో కూడా పేచీ లేదు. ఆయన పగంతా దశాంశ బిందువు మీదే.

ఆయనది తండ్రి హమీద్ దగ్గర నేర్చిన విద్య. అందులో అంగుళాన్ని సగం చేసి, ఆ సగాన్ని సగం చేసి, దాన్ని మళ్లీ సగం చేస్తే వచ్చేదే సూత్. అంటే అంగుళానికి ఎనిమిది. అందుకని అంగుళం మీద నాలుగు సూత్‌లను ఆయన 1.4 అని రాస్తాడు. ఆ చుక్క అంగుళాలకూ సూత్‌లకూ నడుమ ప్రహరీగోడ. దానికి లోకంలో ఇంకో ఉద్యోగం ఉందంటే ఆయన ఒప్పుకోడు.

ఈ ఎండాకాలం వాడకట్టు ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారులో, తిరిగే షాఫ్టుకు తొడుగులా ఉండే బుష్ అరిగింది. నల్లాలన్నీ ఎండిపోయాయి. ఖైజర్ షాఫ్టు కొలిచి, మంచిర్యాలలో ఇనుమూ ఇత్తడీ కోసే లేతు మిషను నడిపే భూపాల్‌కు "1.4 ఇంచులు" అని వాట్సాప్ పంపాడు. మరునాడు ఇత్తడి బుష్ తళతళలాడుతూ వచ్చింది. షాఫ్టు మాత్రం అందులో దూరనని భీష్మించింది.

ఖాళీ బిందెతో కాపలా కాస్తున్న పక్కింటి లస్మవ్వ, "ఏంది బిడ్డా, కొత్త అల్లుడు ఇంట్లకొస్తలేడా?" అంది. తెల్లారితే ఆమె మనుమరాలిని తొట్టెలలో వేసే వేడుక. చుట్టాలకు అన్నం మాట అటుంచి, పసిదానికి నీళ్లు పోయడానికి కూడా ఇంట్లో చుక్క లేదు.

ఖైజర్ ఫోన్ చేశాడు.

"నువ్వు రాసిందే కోసిన భాయ్. ఒకటి పాయింట్ నాలుగు."

"నాలుగు సూత్‌లు తమ్మీ! అంటే అర!"

"అరయితే పాయింట్ ఐదు రాయాలె. పదిల సగం ఐదే గద. అయినా తేడా ఏడు శాతం గూడ లేదు."

"ఏడు శాతమా! నీ తలకాయ కన్న హెల్మెట్ ఏడు శాతం చిన్నగుంటే పెట్టుకుంటవా? శాతమని పేరు పెడితే తప్పు చిన్నగైతదా? పదిని సగం చెయ్యి, ఐదు. ఇగ ఐదును సగం చెయ్యి! మళ్ల ముక్కలే! గిదేం లెక్క? ఎనిమిదికి గా రోగం లేదు!"

ప్రసంగంలో న్యాయం లేకపోలేదు. నల్లాలో నీళ్లు మాత్రం లేవు.

"ఎనిమిదో పదో, పొద్దుమీకకముందే కొట్లాట తెంపు," అంది లస్మవ్వ.

మిట్టమధ్యాహ్నం ఖైజర్ బుష్ జేబులో వేసుకుని, మండుతున్న బండెక్కి మంచిర్యాల పోయాడు. భూపాల్ కాగితమూ పెన్నూ ముందు పెట్టాడు.

"రాసియ్యి భాయ్. బెజ్జం పెద్దగ కోసినంక మళ్ల చిన్నగ చెయ్యరాదు."

ఖైజర్ చెయ్యి ఆగింది. 1.4 రాస్తే షాఫ్టు దూరదు. 1.5 రాస్తే తండ్రి లెక్కలో అది అంగుళం ఐదు సూత్‌లు. ఉన్నదానికి ఒక సూత్ ఎక్కువ. పచ్చి అబద్ధం. అబద్ధం రాయడానికి ఇంత ఎండలో రావాలా?

చివరికి ఒకటి వేశాడు. పక్కన చిన్నగా ఇంకో ఒకటి, కింద గీత, గీత కింద రెండు.

"ఒకటిన్నర," చదివాడు భూపాల్.

"చుక్క లేదు, చూస్కో," అన్నాడు ఖైజర్, సంధిపత్రం మీద సంతకం చేసిన రాజులా.

సాయంత్రానికి షాఫ్టు బుష్‌లోకి జారింది. నల్లా రెండుసార్లు దగ్గి, నీళ్లు వదిలింది. ఖైజర్ అప్పటికీ ఏడు శాతాన్ని తిడుతూనే ఉన్నాడు.

"పోరికి నీళ్లు పోసినంక తిట్టుకో బిడ్డా," అంది లస్మవ్వ, "ముందుగాల ఈ బిందె లేవట్టు."