రుమాలు కట్టిన గొంతు

మా బాపు నాతో ఆరేళ్లు ఫోన్‌లో మాట్లాడాడు. అవతల ఉన్నది నేనని ఆయనకు తెలియదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు కూడా రెండుసార్లు రాసి కొట్టేశాను.

నాకప్పుడు ముప్పై రెండేళ్లు. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ వైపు ఒక క్లినిక్ పైన ఉన్న రెండు గదుల్లో పనిచేసేవాణ్ణి. కింద డాక్టరు కోసం దగ్గుతూ కూర్చునేవాళ్లు, పైన మేము. ఇంట్లో మాత్రం ఫైనాన్స్ ఆఫీసులో పని అని చెప్పుకున్నాను. నిజానికి అది క్రికెట్ పందేలు రాసుకునే గది. ఐదుగురం, ఒక్కొక్కరి ముందు మూడు ఫోన్లు, గోడకు టీవీ, మధ్యలో స్పీకర్ పెట్టిన ఇంకో ఫోన్. దాన్ని డబ్బా అనేవాళ్లం. మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చున్న ఒకడు అందులో ఊపిరి తీసుకోకుండా రేట్లు చదువుతూనే ఉండేవాడు. వాడి ముఖం మాలో ఎవరూ చూడలేదు.

గదిని నడిపే ఆయన్ను అందరూ సేఠ్ అనేవారు. పైకి పైపుల దుకాణం. ఎండాకాలం ఆ దుకాణం ముందు మజ్జిగ పంచేవాడు. గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "అవ్వ పానం మంచిగున్నదా?" అని మా అమ్మ సంగతి అడిగాకే పని చెప్పేవాడు. మాలో ఒకడు డబ్బాలో విన్నది బయట దోస్తుకు చేరవేస్తున్నాడని తెలిసినప్పుడు కూడా ఆయన అరవలేదు. చాయ్ తాగుదాం రమ్మని వాణ్ణి కారెక్కించుకుని కందకుర్తి దారిన తీసుకుపోయారు. మూడో రోజు తిరిగొచ్చాడు, కుడిచేతి వేళ్లకు కట్టుతో. ఏమైందిరా అంటే కారు డోర్లో పడ్డాయన్నాడు. నాలుగు వేళ్లూ ఒకేసారి ఎట్లా పడ్డాయని మేం అడగలేదు. దవాఖాన ఖర్చు సేఠే పెట్టుకున్నాడు.

ఆ గది పద్ధతులు ఆ గదివి. ఫోన్‌లో తెలుగు వద్దు, ఉర్దూలోనే మాట్లాడాలి. పందెం కాసేవాడికి పేరుండదు, నంబరే. ఫోన్ మీద రుమాలు చుట్టాలి, రేపు పోలీసుల చేతికి రికార్డు చిక్కినా గొంతు ఎవరిదో తెలియకుండా. వీటన్నిటికీ మించింది ఇంకోటుంది. అవతలివాడు చెప్పిన పందేన్ని మేం ఉన్నదున్నట్టు తిరిగి చెప్పి, వాడు సరే అన్నాక, రాసుకున్నామని "లిఖ్ లియా" అనాలి. అప్పుడే అది పందెం. కాగితం లేదు, సంతకం లేదు. తిరిగి చెప్పిన మాటే దస్తావేజు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నలభై ఒకటో నంబరు కొత్తగా వచ్చింది. "హలో" అన్న మొదటి మాటకే ఎవరో తెలిసిపోయింది. అది మా బాపు గొంతు.

బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసినవాడు. చెరుకు బండి కాటా ఎక్కగానే బరువు గట్టిగా చదివేవాడు, దాన్ని రైతు నోటితో తిరిగి చెప్పించేవాడు, ఆ తర్వాతే రాసేవాడు. చదువురాని రైతులు ఆలస్యమైనా సరే ఆయన కాటాకే వరుస కట్టేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఇంట్లో కూర్చున్నాడు. అవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఆడదాని సంపాదన తింటున్నాననుకుని మాటలు తగ్గించేశాడు. నాతోనైతే మరీ. "తిన్నవా?", "తలుపేస్కో." రోజుకు ఈ రెండే.

ఆ మనిషి ఫోన్‌లో నవ్వాడు! నేను పందెం తిరిగి చెప్పగానే నవ్వి, "శెబాష్ బేటా. నువ్వు నిమ్మళంగ జెప్పినవ్. ఇంతకుముందు నేను ఆడిన కాడ ఎన్క కుక్కలు వడ్డట్టు జెప్తుండిరి" అన్నాడు. నా పుట్టుకలో ఆయన నోటి నుంచి నాకు దక్కిన మొదటి శెబాష్ అది. నేను ఆయన కాటా దగ్గర చెప్పినట్టే చెప్పానని నాకు తర్వాత తట్టింది. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ కూర్చుని విన్న వరసే నోట్లో ఉండిపోయినట్టుంది.

అప్పట్నుంచి ఆయనకు నేనే కావాలి. వేరేవాడు ఎత్తితే, "గా నిమ్మళంగ మాట్లాడే పిలగానికియ్యి" అనేవాడు. ఓవర్ల మధ్య సందు దొరికితే చాలు, ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయేవాడు. నేను రుమాలు వెనక, ముక్కుతో, ఉర్దూలోనే నిలబడేవాణ్ణి. ఆయన్ను చాచా అనేవాణ్ణి.

"నాకు సుత ఒక కొడుకున్నడు బేటా," అన్నాడొకసారి. "పొద్దుగాల వోతడు, మాపటికి వస్తడు. ఏం జేస్తడో అడగబుద్ధైతది. అడిగితే ఏం ఇనాల్సొస్తదో అని ఊకుంట."

నేను "హా చాచా" అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోతే ఆయన తలెత్తి, "తిన్నవా?" అన్నాడు.

నేను అప్పుడే ఆపి ఉండాలి. ఈయన మా బాపు, ఈయన నంబరు తీసేయండని సేఠ్‌తో అంటే, గది సంగతి ఇంట్లో ఎవరికి చెప్పావని అడుగుతారు. కట్టు కట్టిన వేళ్లు కళ్ల ముందు ఆడేవి. ఇంట్లో చెబుదామంటే, నీకెట్లా తెలుసంటాడు బాపు. ఇవన్నీ నిజాలే, కానీ సాకులు కూడా. అసలు సంగతి వేరే. బాపు నాతో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు ఆగిపోతాయని నాకు భయం. దానికోసం ఆయన్ను ఆటలో ఉండనిచ్చాను.

రెండో ఎండాకాలం ఒక పొద్దున అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ బాపు ఎడపల్లి భూమి అమ్మిండు బిడ్డా. పైసలు యాడ వెట్టిండో చెప్తలేడు" అంది. ఎడపల్లి శివారులో మాకున్నది ఎకరంన్నర. అదొక్కటే ఆస్తి. ఆ డబ్బు ఎక్కడికి నడిచి వస్తుందో ఈ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఇవ్వాళ ఫోన్ వస్తే, వద్దు చాచా, ఈ ఆట వద్దు అని చెప్పేస్తానని మెట్లెక్కుతూ ఒట్టు పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డబ్బాలో వచ్చే మాట టీవీ కంటే పది పన్నెండు సెకన్లు ముందు వచ్చేది. మైదానంలో వికెట్ పడగానే "రుకో!" అని కేక వినపడేది. టీవీలో బౌలర్ అప్పటికింకా పరిగెత్తడం కూడా మొదలుపెట్టి ఉండడు. రుకో అంటే రాయడం ఆపాలి. కానీ ఆ ఏడాది సేఠ్ మాకు మెల్లగా ఒక మాట చెప్పాడు. చిన్న చిన్న పందేలు కాసేవాళ్లవి ఆ సెకన్లలో కూడా రాసుకోండి అని. "మనమేమన్న పిలిచినమా? ఆళ్లే అడుగుతున్రు గదా" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం మ్యాచ్ చివరికొచ్చింది. ఇద్దరు బ్యాట్స్‌మెన్ కుదురుకుని కొడుతున్నారు. బాపు ఫోన్ చేశాడు.

"బేటా, ఇగ గీళ్లను ఎవ్వడు ఆపలేడు. గెలుస్తరు. నా దగ్గరున్నదంత వెడుతున్న, రాస్కో."

నేను వద్దు అనేలోపు డబ్బా అరిచింది, "రుకో! గయా!" కుదురుకున్న ఇద్దరిలో పెద్దవాడు ఔట్. మా టీవీలో బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటున్నాడు. సేఠ్ నా కుర్చీ మీద చెయ్యి వేసి వెనకే నిలబడి ఉన్నాడు.

ఒక్క మాట చాలు. రుకో. రెండక్షరాలు.

నేను మొత్తం చెప్పాను. నంబరు, జట్టు, సొమ్ము, ఒక్కొక్కటీ విడివిడిగా, ఎప్పటికంటే నెమ్మదిగా. ఆయన మనసు మార్చుకుంటాడేమోనని అట్లా చెప్పానని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. భయంతో నోరు తనకు అలవాటైన పని చేసుకుపోయింది.

"సహీ?" అన్నాను.

"సహీ బేటా."

"లిఖ్ లియా, చాచా."

ఆయన ఫోన్ పెట్టేయలేదు. అప్పుడు వికెట్ పడి మా ఇంటి టీవీలో జనం కేక, అవ్వ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు, రెండూ నాకు వినబడ్డాయి. తర్వాత కత్తెర ఆగింది. బాపు అన్నాడు: "పోనీ తియ్ బేటా. నా నసీబ్. నువ్వేం జేస్తవ్."

ఓదార్చింది ఆయన, నన్ను.

జట్టు ఓడిపోయింది. ఇంటికి పోయేసరికి అవ్వ నెత్తి కొట్టుకుని ఏడుస్తోంది. ఫోన్‌లో ఉన్న దొంగముండాకొడుకులు ముంచారని శాపనార్థాలు పెడుతోంది. బాపు గోడకానుకుని, "అందర్ని అనకు. గా పిలగాడు సచ్చా మనిషి. మల్ల ఒకపారి జెప్పి, నన్నడిగి రాసుకుండు" అన్నాడు. అవ్వ పెట్టిన అన్నం నేను తిన్నాను. ఎట్లా దిగిందో తెలియదు, దిగింది.

ఆ సీజన్ అయ్యాక పని మానేశాను. కొన్నాళ్లకు గది కూడా లేకుండా పోయింది. జనం సెల్‌ఫోన్ యాప్‌లలోనే ఆడుకుంటున్నారు, మధ్యలో మనిషి గొంతుతో పనిలేదు. సేఠ్ ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. పండగలకు ఫ్లెక్సీల మీద చేతులు జోడించి మాకు శుభాకాంక్షలు చెబుతాడు. నేను జిరాక్స్ దుకాణం పెట్టుకున్నాను. గదిలో నా ముందుండే ఫోన్లలో ఒకదాని సిమ్ మాత్రం పారేయలేదు. దానికి బాపు ఫోన్ చేశాడు.

"ధందా బంద్, చాచా" అన్నాను, రుమాలు అడ్డం పెట్టుకుని.

"ధందా కోసం గాదు బేటా. ఊకెనే జేసిన."

అట్లా నాలుగేళ్లు. వారానికోసారి, దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్న మధ్యాహ్నం పూట ఆ ఫోన్ మోగేది. వాన సంగతి, మోకాళ్ల నొప్పి, ఎడపల్లి మీదుగా బస్సులో పోతే కొన్నవాడు మన పొలంలో మడి బాగా కట్టుకున్నాడన్న సంగతి. ఒకే ఇంట్లో ఉంటూ మా బాపు సంగతులు నాకు ఆ ఫోన్‌లోనే తెలిసేవి. ప్రతిసారీ ఇవ్వాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ప్రతిసారీ "ఖుదా హాఫిజ్, చాచా" అని పెట్టేసేవాణ్ణి.

పోయిన చలికాలం బాపు మంచం పట్టాడు. ఊపిరితిత్తులు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోయాడనుకుని పెరట్లోకి వచ్చాను. జేబులో ఫోన్ వణికింది.

"బేటా, ఒక్కటి అడుగుత, నిజం జెప్పు," అన్నాడు. దగ్గు కిటికీలోంచీ వినబడుతోంది, ఫోన్‌లోంచీ వినబడుతోంది. "దవాఖానల నా పక్క మంచపాయన అన్నడు. మీకు టీవీ కన్న ముందుగాల్నే ఎర్కైతుండెనట గదా. నేను వానితోని కొట్లాడిన. గా పిలగాడు గట్ల జెయ్యడని. గా దినం నీకు ఎర్కేనా?"

లేదు చాచా అంటే అయిపోయేది. సంతోషంగా పోయేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్లు మోసి మోసి ఒళ్లు హూనమైంది నాకు. ఆయన కోసం కాదు, నా బరువు దించుకోవడానికే తెలుసని చెప్పాను.

"మాలూమ్ థా, చాచా."



"నీకు బాపు లేడార?" అన్నాడు.

"ఉన్నడు బాపు," అన్నాను, తెలుగులో.

నేను లోపలికి పోయేసరికి ఫోన్ ఆయన ఛాతీ మీద ఉంది. నన్ను చూశాడు. తిట్టలేదు, ముఖం తిప్పుకోలేదు. నీళ్లడిగితే పట్టాను. తాగాడు. ఇంకో పదకొండు రోజులు బతికాడు. నా చేత్తో జావ తాగించాను, వీపు ఒత్తాను, అన్నీ చేయించుకున్నాడు.

నేను నిజం చెప్పిన మర్నాడే దిండు కింద నుంచి తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"తీస్కపో. ఇగ నాకెందుకిది. మాట్లాడెతందుకు ఒక్కడుండె. ఆడు వోయిండు."