అక్క వేళ్ళకు ఆగడం నేర్పిన నెలలు

నేను ఆదోనిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మాట్లాడడం మొదలుపెడితే ఆపడం నాకు రాదు. గంట కొట్టిన తర్వాత కూడా నేను చెప్పుకుంటూ పోతుంటే, పిల్లలు పుస్తకాలు సంచుల్లో సర్దుకుని, బస్సు దాటిపోతుందని కళ్ళతోనే వేడుకుంటారు. అయినా వదలను. ఈ గుణం వల్ల ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు కదా అని నన్ను నేనే సమర్థించుకునేవాణ్ణి. రెండేళ్ళ కిందట నా నోటి దురద మా అక్క చేతి మీదికి వచ్చింది.

మాది ఎమ్మిగనూరులో నేతపని ఇల్లు. నేను చదువు పేరు చెప్పి తప్పించుకున్నాను. అక్క పదిహేనో ఏట మగ్గం గుంటలోకి కాళ్ళు దించింది, ముప్పై ఏళ్ళయినా పైకి తీయలేదు. మా మగ్గాలు నేలలో తవ్విన గుంట మీద ఉంటాయి. గట్టున కూర్చుని, గుంటలో ఉన్న రెండు పలకలను కాళ్ళతో ఒకదాని తర్వాత ఒకటి తొక్కాలి. ఎడమ చేయి, పోగును దగ్గరికి కొట్టే పన్నెను ఆడిస్తుంది. కుడి చేయి తాడుకున్న పిడిని లాగితే అడ్డపోగును మోసే నాడె, నిలువు దారాల పడుగు మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరికి దూకుతుంది. అక్క మగ్గం చప్పుడు ఎంత సమంగా ఉండేదంటే, గుంటలో ఉన్నది అక్కో బావో వీధిలో పోయేవాళ్ళు చూడకుండానే చెప్పేవాళ్ళు.

ఆ ఏడు వానాకాలంలో చప్పుడు తప్పడం మొదలైంది. పిడి లాగబోయేసరికి అక్క చిటికెన వేలూ ఉంగరపు వేలూ వాటంతట అవే అరచేతిలోకి ముడుచుకుపోయేవి. లాగుడు వంకరపోయి, నాడె సగం దూరంలో నిలబడిపోయేది. దారాలు తెగేవి. తప్పు మగ్గానిదే అనుకున్నారు ఇంట్లో అందరూ. నేతవాళ్ళ ఇళ్ళలో అంతే, మనిషి కంటే ముందు మగ్గాన్ని అనుమానిస్తారు. బావ తాడు మార్చాడు. నాడెకు నూనె రాశాడు. చివరికి మగ్గం మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. ఆ బిగించడంలో బొటనవేలు నలగ్గొట్టుకుని రెండు రోజులు మగ్గాన్ని తిట్టాడు. అక్క వేళ్ళు మాత్రం ముడుచుకుంటూనే ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే, ఆ చేయి మిగతా పనులన్నిటికీ శుభ్రంగా పనికొచ్చేది. జొన్నరొట్టె తడితే పలుచగా, గుండ్రంగా వచ్చేది. సూదిలో దారం మొదటి ప్రయత్నంలోనే ఎక్కేది. కోపమొచ్చి నా వీపు మీద చరిస్తే ఎప్పటిలాగే మండేది. పిడి పట్టుకుంటేనే ఆ రెండు వేళ్ళూ మాట వినేవి కావు.

"రొట్టె కాడ రాని రోగం మగ్గం కాడ వస్తాదంటే ఎవురన్నా నమ్ముతారా మే?" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు కానీ అక్క ఆ పూట సగం ముద్దతో లేచిపోయింది.

ఆ ఆదివారమే నేను వెళ్ళాను. అంతకు రెండు రోజుల ముందే క్లాసులో మెదడు పాఠం చెప్పి ఉన్నాను. ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురు అందించే చోటును సినాప్సు అంటారు, ఒక పని పదేపదే చేస్తే ఆ చోటు బలపడుతుంది, నేర్చుకోవడమంటే చాలా వరకు ఇదే అని గంటన్నర సేపు ఊదరగొట్టాను. ఆ వేడి ఇంకా తగ్గలేదు. ఉగ్గాని తింటూ అక్కకూ అదే పాఠం అప్పజెప్పాను.

"ఏం లేదక్కా. నీ తలకాయలో ఆ కబురు పోయే దావ రవ్వంత సన్నబడినాది. ఇంగా ఎక్కువ నెయ్యి. చేసేకొద్దీ గట్టిపడతాది."

"నిజమా అప్పా?"

"నేను సెప్పేది యాడన్నా తప్పైనాదా?"

నేనంటే అక్కకు గురి. చదువుకున్న తమ్ముడు చెప్పాడంటే ఇక తిరుగులేదు. మర్నాటి నుంచి అందరికంటే ముందు లేచి, పొద్దు పొడవకముందే గుంటలోకి దిగి, పిడిని ఇంకా గట్టిగా పట్టుకుని నేసింది. వేళ్ళు ముడుచుకున్నా ఆపకుండా నేసింది. నెల తిరిగేసరికి మణికట్టు కూడా వంగడం మొదలైంది. ఆ తర్వాత పిడి మీద చేయి వేయకముందే, చేయి చాచగానే వేళ్ళు మూసుకునేవి.

బావ ఇక చూడలేకపోయాడు. ఉగాదికి ఇల్లు బాగు చేయిద్దామని అంతకుముందే అనుకుంటున్నారు. గుంట పూడ్చి, పైన బండలు పరిపిస్తానన్నాడు. బండలు వచ్చి గోడవారగా దిగాయి కూడా. ఉగాది అయిపోతే ఆయన కైరుప్పలలో పిడకలు విసురుకునే పండుగకు బంధువుల ఇంటికి పోవాలి, అందుకని ఆ లోపలే పని కావాలి.

"ఇంగ సాలు లేమ్మే. నీ సెయ్యి ఇట్లయితాంటే సూడలేకుండాను," అన్నాడు. కోపంతో కాదు, ప్రేమతోనే అన్నాడు. అందుకే అక్క ఎదురు చెప్పలేకపోయింది. మా వీధిలో గుంట పూడ్చారంటే ఆ మనిషి నేత అయిపోయినట్టే. పూడ్చిన గుంటను మళ్ళీ తవ్విన ఇంటిని నేను ఇంతవరకూ చూడలేదు.

"ఉగాది దాంకా పూడ్సొద్దు," అని మాత్రం అడిగింది. నాకు ఫోన్ చేసి, "నన్ను యాడికన్నా పిల్సుకోని పో అప్పా," అంది. అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ముగ్గురం కర్నూలుకు పోయాం. నరాల డాక్టరమ్మ అంతా విని, "నేసేటప్పుడు చేయి ఎలా అవుతుందో చూపించండి," అంది. అక్కడ మగ్గం ఎక్కడుంది? బావ తన తువ్వాలును కిటికీ ఊచకు కట్టాడు. అక్క స్టూలు మీద కూర్చుని, కాళ్ళతో లేని పలకలు తొక్కుతూ, తువ్వాలు కొస లాగింది. టక్కున రెండు వేళ్ళూ ముడుచుకున్నాయి. బయట వరుసలో కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూసి, ఇదేదో కొత్త వైద్యం అనుకున్నారు. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఇది నాటకం కాదు, కండరాల బలహీనతా కాదు. మెదడు సంగతి," అంది.

నేను వెంటనే అందుకున్నాను. "అంటే సినాప్సులు..."

"నువ్వు ఊరుకోప్పా, ఆయమ్మను సెప్పనీ," అంది అక్క.

డాక్టరమ్మ చెప్పింది ఇది. మెదడులో కదలమని చెప్పే కణాలు ఎన్నో ఉంటాయి. వాటి మధ్య, తక్కువ సంఖ్యలో, ఊరుకోమని చెప్పే కణాలు కూడా ఉంటాయి. బొటనవేలూ చూపుడువేలూ పిడిని పట్టుకోవాలంటే, పక్క వేళ్ళ కణాలను ఆ క్షణానికి ఎవరో ఒకరు ఆపాలి. ముప్పై ఏళ్ళు ఒకే లాగుడు లాగి లాగి, అక్క మెదడులో ఆ ఆపుదల పలచబడి ఉండొచ్చు. వేళ్ళ మధ్య సరిహద్దులు చెరిగిపోయాయి. ఆపే కణాలు మెత్తబడినప్పుడు సాధన చేస్తే బలపడేది సరైన దారి ఒక్కటే కాదు, తప్పు దారి కూడా దానితోపాటే బలపడుతుంది. ఏ కలయిక గట్టిపడాలో, ఏది పడకూడదో తేల్చడంలో ఆ కొద్ది కణాలదే పెద్ద చేయి.

"ఎక్కువ నేసేకొద్దీ ఇది పెరుగుతుందమ్మా. ఎక్కువ నేయమని మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

బావ నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

"ఎవురూ సెప్పలేదమ్మా. నేనే నేసినా," అంది అక్క.

ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆదోనిలో ఇంటికి చేరాక మా ఆవిడ నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

మర్నాడు క్లాసులో, నేను చెప్పింది సగం పాఠమే అని పిల్లల ముందు ఒప్పుకున్నాను. మిగతా సగం చెప్పడానికి మగ్గమే దొరికింది. పడుగులో సగం దారాలు పైకి లేచినప్పుడు మిగతా సగం కిందనే ఉండాలి. అప్పుడే నాడెకు దారి తెరుచుకుంటుంది. నేత నేర్చుకునేవాళ్ళు మొదట చేసే తప్పు రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కడం. అక్కకు నేత నేర్పిన మా అవ్వ, తొక్కే కాలి జోలికి పోయేది కాదు. ఊరికే ఉండాల్సిన కాలి మీద చేయి వేసి కూర్చునేది. తొక్కడం దానంతటదే వస్తుంది, తొక్కకుండా ఉండడమే నేర్పాలి అన్నట్టు. మెదడులో ఆ ఆపే కణాలు చేసేది అవ్వ పనే అని చెప్పాను. ఆ రోజు గంట కొట్టినా పిల్లలు లేవలేదు. నేనే ఆపేశాను.

డాక్టరమ్మ పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేదు. ముందు ఆరు వారాలు మగ్గం ముట్టవద్దంది. తర్వాత నూలు లేని ఖాళీ మగ్గం మీద, చాలా నెమ్మదిగా, రోజూ కాసేపు. ఉంగరపు వేలికి ఒక నూలుపోగు చుట్టుకోవాలి, ఆ స్పర్శ వేలికి తన ఉనికిని గుర్తు చేస్తుందట. అన్నిటికంటే ముఖ్యం, వేలు ముడుచుకోబోతున్నట్టు అనిపించిన మరుక్షణం ఆగిపోవాలి, చేయి తెరిచి, వదులయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలి. తప్పు లాగుడు ఒక్కటి కూడా పూర్తి కాకూడదు.

పక్కన కూర్చుని "ఆగు" అనే ఉద్యోగం నాదీ బావదీ. మామూలు రోజుల్లో బావ అనేవాడు, సెలవు రోజుల్లో నేను. ఆపడం చేతకాని నాలాంటి మనిషికి ఆ పని దొరకడం చూసి మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. ముప్పై ఏళ్ళు చప్పుడు తప్పకుండా నేసిన మనిషిని లాగుడు మధ్యలో ఆపడం అంటే పాడేవాళ్ళ నోరు మూయడమే. "ఆగు" అన్న ప్రతిసారీ అక్క నన్ను తిట్టేది. ఒకసారి పిడి వదిలేసి, "పోప్పా, నీ ఆదోనికే పో. గుంట పూడ్సుకుంటా," అంది. పది నిమిషాలకు మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చి, మళ్ళీ గుంటలోకి దిగింది.

మూడో నెలలో పడుగు కట్టారు. నిజమైన దారాలు, నిజమైన నాడె. నాలుగు లాగుళ్ళు సరిగా పోతే అయిదోదానికి వేళ్ళు కదిలేవి. ఆగు. మళ్ళీ మూడు. ఆగు. రోజుకు జానెడు కూడా అయ్యేది కాదు.

ఉగాదికి ముందటి ఆదివారం నేను వెళ్ళేసరికి మేస్త్రీ వచ్చి ఉన్నాడు. చేతిలో టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్క గుంటలోనే ఉంది.

"రవ్వంత లెయ్యక్కా, గుంట కొలుసుకుంటా," అన్నాడు.

"పట్టిన పని అయిపోనీ," అంది అక్క తల ఎత్తకుండా. నేను పక్కన కూర్చున్నాను. బావ మేస్త్రీ వెనకాల నిలబడ్డాడు.

అక్క నేసింది. నెమ్మదిగా, మునుపటి వేగంలో పావు వంతు కూడా లేదు. ఆరు లాగుళ్ళు. ఏడు. చిటికెన వేలు సన్నగా వణికింది. నేను నోరు తెరిచాను. నా నోటి నుంచి మాట రాకముందే అక్క చేయి ఆగింది. పిడి వదిలి, వేళ్ళు విప్పి, ఒక ఊపిరి పీల్చి, మళ్ళీ పట్టుకుంది. పదకొండు. పన్నెండు. మళ్ళీ వణికింది, మళ్ళీ నాకంటే ముందే ఆగింది. ఆ తర్వాత ఎన్ని లాగిందో లెక్కపెట్టడం మానేశాను. నేను చెప్పాల్సిన మాట అక్క లోపల ఎవరో చెబుతున్నారు.

బావ మేస్త్రీ భుజం మీద చేయి వేశాడు. "అన్నా, ఈడ వద్దులే. బండలు వసారాకు సరిపోతాయేమో కొలువు," అన్నాడు.

నాకు కళ్ళు నిండి, నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆపుకోలేకపోయాను. అక్క నాడె ఆపి నా ముఖం చూసింది. తన కళ్ళలోనూ నీళ్ళున్నాయి, కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఏడ్సేటట్లుంటే బయటికి పోప్పా. పడుగు తడుస్తాది," అంది.

నేను లేచి బయటికి పోయి, వీధి అరుగు మీద కూర్చుని హాయిగా ఏడ్చాను.